అరలు మారిన శనివారం

చదువుకునే రోజుల్లో మా గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను చరిత్ర చదివేదాన్ని. మాకంటే నాలుగేళ్ళు పెద్దదైన ఒకామె టైలరింగ్ డిజైన్ నేర్చుకునేది. ఆమెను అక్కా అనేవాళ్ళం. మూడో అమ్మాయిది ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు. ఆమెకు మేము పెట్టిన పేరు మైక్రోస్కోపు. చదువును బట్టి పెట్టింది కాదు. ఏ పొట్లం చేతికిచ్చినా వెనకున్న చిన్నక్షరాలు మొదటి నుంచి చివరిదాకా చదివితే గాని కింద పెట్టేది కాదు.

నెల మొదట్లో తలా కొంత డబ్బు ఒక డబ్బాలో వేసుకునేవాళ్ళం. నేను సరుకులు తెస్తే మూడో వారానికే డబ్బా అడుగు కనిపించేది. అక్క తెస్తే అంతకంటే ముందే. మైక్రోస్కోపు తెచ్చిన నెలలో మాత్రం ఆఖరి రోజున కూడా సీసాలో నూనె ఉండేది. అందుకని ఆ పని ఆమె నెత్తిన వేసి మేము చేతులు దులుపుకున్నాం.

మా వీధి చివరి పెద్ద కొట్టు ఆమెకు కొట్టిన పిండి. చవక బియ్యం ఎడమ గోడకు కింది అరలో. సొట్టలు పడి ధర తగ్గిన డబ్బాలు వెనక తలుపు దగ్గర. వడిలిన కూరగాయల బుట్ట మధ్యాహ్నం ఒంటిగంటకు బయటికొస్తుంది. కళ్ళు మూసుకుని వెళ్ళినా చెయ్యి దేని మీద పడాలో దాని మీదే పడేది.

ఒక శనివారం ప్రాక్టికల్స్ ముగించుకుని అటునుంచి అటే సరుకులకు వెళ్ళింది. ల్యాబు తెల్లకోటు ఒంటి మీదే ఉంది. విప్పి సంచిలో పెడితే సరుకులకు చోటుండదని ఉంచేసుకుంది.

లోపలికెళ్ళి ఎడమకు తిరిగితే బియ్యం ఉండాల్సిన చోట బట్టల సబ్బులున్నాయి. పొరపాటున వేరే కొట్లోకి వచ్చానేమోనని బయటికొచ్చి బోర్డు చూసుకుంది. అదే కొట్టు. మళ్ళీ లోపలికెళ్ళింది. అప్పుడర్థమైంది, ఆ పొద్దున్నే సరుకులన్నీ అటువి ఇటు మార్చేశారు. సరుకులు కదిలాయి గాని రేటు చీటీలు కదల్లేదు. సబ్బుల కింద "బియ్యం, కిలో" అనుంది. పప్పు పొట్లం తీసి చూస్తే దాని కింద "షాంపూ, పెద్దది" అనుంది. చదివిందే మూడుసార్లు చదివి అలాగే నిలబడిపోయింది.

వెనక నుంచి ఒక పెద్దావిడ కోటు పట్టుకుని లాగింది. "అమ్మాయ్, ఉప్పెక్కడ పెట్టారు?"

వచ్చేటప్పుడు బిస్కెట్ల పక్కన ఉప్పు కనిపించింది కాబట్టి తీసుకెళ్ళి చూపించింది. తిరిగొచ్చేసరికి చంకలో పసిబిడ్డతో ఒకాయన ఉన్నాడు. పాలపొడి కావాలట.

"నేనిక్కడ పనిచేయనండీ."

ఆయన ఆమె కోటు వంక చూశాడు. కొట్టులో పనివాళ్ళవీ తెల్లకోట్లే. "డ్యూటీ అయిపోయిందా? ఆ ఒక్కటీ చెప్పేసి వెళ్దురూ."

పాలపొడి వెతకడానికి బయల్దేరింది. ఆమె వెనక ఆయన, ఆయన వెనక ఇంకో ఇద్దరు.

పాలపొడి దొరికింది గాని ఈసారి మేనేజరు ఎదురయ్యాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. చేతిలోని చీటీల కట్ట ఆమె చేతిలో పెట్టాడు. "కబుర్లు చెబుతూ నిలబడితే ఎలా? నూనెల దగ్గర్నుంచి మార్చుకుంటూ రా."

"సార్, నేను..."

"తర్వాత చెబుదువు గాని." అప్పటికే ఆయన రెండు వరసలు దాటిపోయాడు.

చీటీలు ఎక్కడన్నా పెట్టేసి వచ్చేయొచ్చు కదా అని మేము తర్వాత అడిగాం. "ఎక్కడ పెట్టాలో తెలీలేదే. పైగా అవి మారితే గాని నాకూ రేటు తెలీదు కదా" అంది. అలా మొదలుపెట్టి, మధ్యమధ్య దారి చెబుతూ, అయిదింటిదాకా చీటీలు మారుస్తూనే ఉంది.

ఉప్పు కొన్న పెద్దావిడ నూనె మర్చిపోయానంటూ మళ్ళీ వచ్చింది. పెద్ద క్యాను ఎత్తబోతుంటే మైక్రోస్కోపు ఆపింది. "వద్దండీ. రెండు చిన్నవి తీసుకోండి, అదే నూనె, తక్కువలో వస్తుంది."

పక్క వరసలో ఉన్న మేనేజరు చెవిన పడింది. "అలా చెప్పమని నీకెవరు చెప్పారు?"

"చీటీ మీదే ఉందండీ. లీటరుకెంతో కింద చిన్నగా రాశారు."

ఆయన వంగి చదివాడు. పెద్ద క్యానుది చదివాడు, చిన్నదానిది చదివాడు, మళ్ళీ పెద్దదానిది. లేచాక మొదటిసారి ఆమె ముఖం సరిగ్గా చూశాడు. "ఇంతకీ నువ్వెవరు?"

"సరుకులకొచ్చానండీ."

పక్కనున్న బియ్యం బస్తా మీద కూలబడ్డాడు మేనేజరు. "మరి పొద్దుట్నుంచీ..."

"పొద్దుట్నుంచి కాదండీ. పన్నెండున్నర నుంచి."

కూలి ఇద్దామంటే రిజిస్టరులో పేరు లేదు. పోనీ సరుకులు తీసుకెళ్ళమంటే బిల్లు లేకుండా తీసుకోనంది. చివరికి ఆయన రిజిస్టరు తెరిచి, శనివారాల పనికి ఆమె పేరు రాసి, ఆ రోజు నుంచే కూలి లెక్క వేశాడు.

ఆమె గదికొచ్చేసరికి మేము పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టుకుని కూర్చున్నాం.

"ఉద్యోగం దొరికిందనుకుంటా" అంది.

"అనుకోవడమేంటే?" అంది అక్క.

"ఏమో, సంతకమైతే పెట్టించుకున్నాడు."

"సరుకులేవీ?"

చేతిలోని ఖాళీ సంచి వంక చూసుకుంది. ఆ పూట మిగిలిన నాలుగు బంగాళాదుంపలు ఉడకబెట్టుకుని తిన్నాం.

కోర్సు అయ్యేదాకా ఆమె ఆ కొట్లో పనిచేసింది. చిన్న క్యాన్ల సంగతి అందరికీ చెప్పేది. మేనేజరు మొదట గొణిగాడు, కొట్టుకు జనం పెరిగాక ఊరుకున్నాడు. డ్యూటీలో ఉన్నవాళ్ళు కొనకూడదని నియమం కావడంతో శనివారం సరుకులు నా మెడకు చుట్టుకున్నాయి.

మొదటి వారం సరుకుల చీటీ పట్టుకుని ఆ అరల ముందు దిక్కులు చూస్తూ నిలబడ్డాను. బ్యాడ్జి పెట్టుకుని మైక్రోస్కోపు వచ్చింది. రోజూ నాతో ఒకే దుప్పటి కప్పుకుని పడుకునే మనిషి.

"ఏం కావాలండీ?" అంది.

నేనేం కొనడానికి వచ్చానో ఆ క్షణంలో నాకు గుర్తుకు రాలేదు.