తాతయ్య నడుములో చెక్క పిస్తోలు

మనవలూ, పోయినేడు ఆయుధ పూజనాటి పొద్దు నాకింకా కలలాగే ఉంది. మీ తాతయ్య నెలల తరబడి కూర్చుని రబ్బరు చెట్టు చెక్కతో పాతకాలపు పిస్తోలు చేశారు. పైభాగం వెనక్కి లాగి వదిలితే స్ప్రింగు దాన్ని ముందుకు తోసేది. నల్లరంగు వేశాక అచ్చం నిజందే. రంపం, సుత్తితో పాటు దానికీ గంధం, కుంకుమ పెట్టాను. గుడిలో అమ్మవారి ముందు పెడతానని నడుముకి దోపుకున్నారు.

గుడికి కార్లో పోతుంటే, మన మలేషియాలోని బటాంగ్ బెర్జుంటై ఊరి దారిలో పామాయిల్ తోటల మీద పొగమంచు తేలుతోంది. ఒక మలయ్ పోలీసు మా కారుని ఆపాడు. తాతయ్య దిగుతుంటే చొక్కా పైకి లేచింది. పోలీసు చెయ్యి తన తుపాకీ మీదకి పోయింది.

"సెక్క బొమ్మ బాబూ, పూజకి సేసినారు," అన్నాను. మలయ్‌లో చెప్పాలని కూడా తోచలేదు.

అతను మెల్లగా దాన్ని లాగాడు. వేళ్లకి కుంకుమ అంటింది. గోటితో గీరితే నల్లరంగు కింద చెక్క కనిపించింది.

"బొమ్మైనా నేరమే, అంకుల్. మీ చెయ్యి కదిలుంటే కాల్చేవాణ్ణి," అని మలయ్‌లో మందలించి, పిస్తోలు తీసుకుని మమ్మల్ని వదిలేశాడు.

గుడిలో తాతయ్య ఉత్త చేతులు చూసుకున్నారు. "అమ్మోరి ముందు ఇంకేటి పెడతామే?"

"మీరు మిగిలినారు గదా, మీరే నిలబడండి," అని ఆయన నుదుటికే కుంకుమ పెట్టాను.