కాలర్ చూసి కాలం చెప్పే దర్జీ

మా వీధి దర్జీకి పాత ఫొటోల పిచ్చి. చొక్కా కొలతలివ్వడానికి వెళ్ళినవాళ్ళను కూడా, "మీ ఇంట్లో పాత ఫొటోలేమైనా ఉన్నాయా?" అని అడుగుతాడు. ముఖాలతో అతనికి పని లేదు. కాలర్ వెడల్పు, గుండీల వరస చూసి ఫొటో ఏ కాలానిదో చెప్పేస్తాడు. అడక్కపోయినా చెబుతాడు.

మొన్న లెక్కల మాస్టారు వాళ్ళ తాతగారి పెళ్ళి ఫొటో తెచ్చారు. దర్జీ మిషన్ ఆపి, భూతద్దం పెట్టి, పెళ్ళికొడుకు కోటును మెడ నుంచి కింది అంచు దాకా పరిశీలించాడు.

"డెబ్బై ఏళ్ళ కిందటిదండీ. గుడ్డ మంచిదే, కుట్టినవాడికే పని రాదు. ఎడమ చెయ్యి అంగుళం పొట్టి చేసి తగలేశాడు. ఇలాంటివాళ్ళ చేతికి కత్తెర ఇవ్వకూడదు."

"ఈ కోటు మీ నాన్నగారే కుట్టారట. తాతయ్య చెప్పేవారు," అన్నారు మాస్టారు నెమ్మదిగా.

దర్జీ తలెత్తి గోడమీదున్న తండ్రి ఫొటో వైపు చూశాడు. పని నేర్చుకుంది ఆయన దగ్గరే. మళ్ళీ భూతద్దం తీసుకుని, ఈసారి చాలాసేపు చూశాడు.

"కోటు లక్షణంగా ఉందండీ. మీ తాతగారికే ఎడమ చెయ్యి అంగుళం పొడుగు," అని తేల్చాడు.

పోయిన నెల ఇదే కొట్లో కుట్టించుకున్న చొక్కా మాస్టారి ఒంటిమీదే ఉంది. రెండు చేతులూ చాచి చూపించారు. చొక్కా ఎడమ చెయ్యి మణికట్టు దాకా రాలేదు.

దర్జీ మెడలోని టేపు తీసి కొలిచాడు. సరిగ్గా అంగుళం తక్కువ.

"చూశారా, మీ వంశంలోనే ఉంది," అన్నాడు.