రెండో గేరు కృపానిధి

డీజిలు జీపుకి సిమెంటు బస్తాల ట్రైలరు తగిలించి సాలూరు ఘాటీ ఎక్కేటప్పుడు, కృపానిధి కూడా బండితోపాటు ఎక్కుతాడు. మెడ ముందుకు సాగుతుంది, పళ్లు బిగుసుకుంటాయి, పిర్రలు సీటును వదిలేస్తాయి. కింద వేసిన రెండో గేరు కొండ మీదికి చేరేదాకా మార్చడు. "ఒకటో గేరేస్తే అదీ ఒక డ్రైవరీయేటి?" అని ఊరంతా చెప్పుకున్నాడు మరి!

మొన్న భార్య ఎలీసమ్మను పక్కన కూర్చోబెట్టుకుని వెళ్తుంటే, మూడో మలుపులో ఇంజను దగ్గింది. ట్రైలరు వెనక్కి లాగసాగింది. కృపానిధి భుజం మీది తువ్వాలు తీసి గేరు రాడ్డు మీద కప్పాడు. ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి, దాని చాటున ఒకటో గేరు వేశాడు. బండి కదిలింది గానీ, ఇంజను కొండంతా వినిపించేలా కుయ్యోమని ఏడ్చింది.

"తువ్వాలు గేరు మీదేటి మావా?" అంది ఎలీసమ్మ. "ఆ ఇంజను నోటికి కట్టు!"