ఆమెన్ అనగానే లాగండి

మా బావ గుడివాడలో బ్యాంకు ఉద్యోగి. రెండేళ్ళపాటు ఇంటి ముందుగది ఆక్రమించి, తేలికచెక్కతో నాలుగు మీటర్ల రెక్కలున్న గ్లైడర్ ఒకటి తయారుచేశాడు. దానికి ఇంజను ఉండదు. ఇంజనున్న ఇంకో చిన్న విమానం తాడు కట్టి పైకి లాక్కెళ్ళాలి. పైన తాడు వదిలేస్తే గాలిలో తేలుతుంది, కింద నిలబడి రిమోట్‌తో తిప్పుకోవాలి. ఈ ఘనకార్యం కోసం మా అక్క సోఫా వరండాలో వానకి నానింది.

ముదినేపల్లి దాటాక, మినుము పీకేసిన చేలో ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళంతా ఒక శనివారం కలిశారు. టోపీలు, నల్లకళ్ళద్దాలు, గాలి గురించి పెద్దపెద్ద మాటలు. గాలి ఎటు వీస్తోందో ఒకాయన మిషను పెట్టి కనిపెడుతున్నాడు. చెరువు కాపలాపాక ముందు ఆరేసిన చీర పొద్దుటినుంచీ ఆ సంగతే చెబుతోంది.

బావ గ్లైడర్ అప్పటిదాకా నేల వదల్లేదు. ఆరోజు ఎగిరితే ఆ నల్లకళ్ళద్దాల మధ్య తనకీ ఒక చోటు. ఎగరకపోతే ముందుగది ఖాళీ చేస్తానని అక్కకి మాటిచ్చాడు. అందుకని ప్రార్థన లేకుండా ఎగరేసేది లేదన్నాడు. మా ఇళ్ళల్లో కొత్త స్కూటర్‌కైనా, బోరుకైనా ప్రార్థన జరగాల్సిందే. అక్కా, నేనూ, మా చుట్టాలూ కలిసి పాస్టరుగారిని కారులో వెంటబెట్టుకొచ్చాం.

లాగే విమానాన్ని రిమోట్‌తో నడిపేది ఒక హైదరాబాదాయన. తాడు తగిలించి, ఇంజను స్టార్ట్ చేసి, "ఎప్పుడు లాగమంటారండీ?" అని అడిగాడు.

"పాస్టరుగారు ప్రార్థన చేస్తారండీ. ఆమెన్ అనగానే లాగెయ్యండి," అన్నాడు బావ.

పాపం, ఆయన మా కూడికలకి ఎన్నడూ వచ్చినవాడు కాదు. మావాళ్ళు ఆమెన్ అనడానికి ప్రార్థన పూర్తవక్కర్లేదు, పాస్టరుగారు ఊపిరి తీసుకుంటే చాలు.

"ఆకాశమును భూమిని సృజించిన తండ్రీ..." అని పాస్టరుగారు ఎత్తుకున్నారు.

"ఆమెన్!" అన్నాం అందరం.

ఇంజను హోరెత్తింది. కళ్ళు తెరిచి చూస్తే తాడు బిగుసుకుంటోంది. బావ మాత్రం రిమోట్ మెడలో వేలాడుతుండగా, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. గ్లైడర్ చేను మీదనుంచి లేచింది. ముందున్న విమానం వెనకాలే ఒద్దికగా పైకి వెళ్ళింది. అంత అందంగా వెళ్తుందని నేననుకోలేదు. పాస్టరుగారు ఇంకా ఆకాశపక్షుల దగ్గరే ఉన్నారు.

"బావా! లేచింది!" అని అరిచాను.

బావ కళ్ళు తెరిచాడు. కంగారుగా రిమోట్ అందుకుని తాడు వదిలేశాడు. ఆపైన అటొకసారి, ఇటొకసారి తిప్పాడు. గ్లైడర్ తలకిందులై పక్కనున్న చేపల చెరువులో పడింది.

"ఆమెన్," అన్నారెవరో, అలవాటు కొద్దీ.

నల్లకళ్ళద్దాలవాళ్ళు తప్పంతా గాలిదేనన్నారు. పాస్టరుగారు అపవాది సాతాను పనేనన్నారు. బావ మోకాలి లోతు బురదలో దిగి, విరిగిన రెక్క పట్టుకుని, "నేనే సరిగ్గా కట్టలేదేమో," అన్నాడు.

గట్టు మీదున్న అక్క చెయ్యి అందించింది.

"బాగానే కట్టారండీ. మీరు కళ్ళు మూసుకున్నంతసేపూ చక్కగానే ఎగిరింది."