‘కాదు’ అందేలోపు

వీధిలో ఆమెను అందరూ చేతులమ్మ అనేవారు. వెక్కిరింపుగా పెట్టిన పేరు కాదది. తల్లికి పుట్టుకతోనే చెవులు వినపడవు. అందువల్ల ఆమెకు నోటి మాటలకంటే ముందు చేతి మాటలే వచ్చాయి. కూరగాయలు బేరమాడేటప్పుడు కూడా చేతులు ఊరుకునేవి కావు. పెద్దయ్యాక ఆ చేతులే బతుకుతెరువయ్యాయి. ఇంటి వెనక గదిలో తెల్లగోడకు వీపు పెట్టి, కంప్యూటరు ముందు కూర్చుని, ఆసుపత్రుల్లో డాక్టర్ల మాటలను చెవులు వినపడని రోగులకు వీడియోలో సైగలతో చెప్పేది. వాళ్లు సైగలతో చెప్పింది డాక్టర్లకు నోటితో చెప్పేది.

రోగుల సంగతులు బయటికి పొక్కకూడదు కాబట్టి ఇంట్లో ఫైర్‌వాల్ ఉండి తీరాలని ఆమెకు ఈ పని ఇచ్చే సంస్థవాళ్లు నియమం పెట్టారు. వేరే ఊళ్లో నెట్‌వర్క్ పని చేసే తమ్ముడు సెలవు పెట్టుకుని వచ్చి, పుస్తకమంత నల్ల పెట్టె ఒకటి బిగించాడు.

“ఇంటికి కాపలావాడనుకో అక్కా. ఎవరు లోపలికి రావాలో, ఎవరు బయటికి పోవాలో అంతా వీడే చూసుకుంటాడు” అన్నాడు.

ఆ కాపలావాడు వచ్చినప్పటి నుంచే కష్టాలు మొదలయ్యాయి. నెట్ పూర్తిగా చచ్చిపోయినా ఒక దారి ఉండేది. అది చావదు, బతకదు. పొద్దున బాగుండేది, మధ్యాహ్నం ఏ వాక్యం మధ్యలోనో తెర బిగుసుకుపోయేది, కాసేపటికి ఏమీ ఎరగనట్టు తిరిగి వచ్చేది. ఆమె పెట్టెను ఆపి మళ్లీ వేసింది. వైరు మార్చింది. పెట్టెకు గాలి తగలడంలేదేమోనని అలమరలోంచి తీసి కిటికీ పక్కన పెట్టింది. నెట్ కంపెనీ మనిషి వస్తే, డాక్టరు గుమ్మం తొక్కగానే పంటినొప్పి మాయమైనట్టు, అతనున్నంతసేపూ నెట్ నిక్షేపంగా నడిచింది. తల్లి కూడా చేతిలో ట్యాబ్ మూసేసి వచ్చి, కొత్త మనిషి ముఖం చూస్తూ ముందుగదిలోనే కూర్చుంది.

“మా వైపు ఏం లేదండీ. మీ నల్ల పెట్టెలోనే ఉంది తిరకాసు” అని అతను వెళ్లిపోయాడు.

తమ్ముడికి ఫోను చేస్తే రోషం వచ్చింది. “నా పెట్టెకేం రోగం? ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉన్నా. కంపెనీ వాళ్లదే దొంగనాటకం.”

బస్సు డ్రైవరైన భర్త డ్యూటీ దిగి వచ్చి, సోఫాలో కాళ్లు చాపుకుని, “నా ఫోన్‌లో బాగానే వస్తోందే!” అనేవాడు. అతను అన్నది నిజమే. కానీ ఆ నిజం వింటే ఆమెకు ఒళ్లు మండేది.

అలా నెట్టుకొస్తుండగా ఒక మధ్యాహ్నం తెర మీదికి ఒక వడ్రంగి వచ్చాడు. మెడ మీద గడ్డ. వెంట ఎవరూ లేరు. భుజం మీద రంపంపొట్టు ఇంకా అలాగే ఉంది.

“గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేయించాం. క్యాన్సర్ కాదు” అన్నాడు డాక్టరు.

ఆమె చేతులు కదిలాయి. గడ్డ. పరీక్ష. క్యాన్సర్. ‘కాదు’ అనడానికి చెయ్యి లేచింది. తెర ఆగిపోయింది.

వడ్రంగి కళ్లు ఆమె చేతుల మీదే ఉండి బిగుసుకుపోయాయి. తన ‘కాదు’ అతనికి అందిందో లేదో ఆమెకు తెలియదు. కనపడని మనిషికి “కాదు, కాదు” అని మళ్లీ మళ్లీ సైగ చేసింది. చేసి చేసి, బల్ల మీద గట్టిగా చరిచింది.

తర్వాత జరిగింది సంస్థలో పని పంచే మేడమ్ ఫోను చేస్తే తెలిసింది. అక్కడ డాక్టరు పాపం, కాదు కాదని తల అడ్డంగా ఊపాడట. ఇక లాభం లేదంటున్నాడని అర్థం చేసుకున్నాడు వడ్రంగి. ఇంకో దుబాసీ దొరికేసరికి అతను వరండాలో బల్ల మీద కూర్చుని, తన పనిముట్లు ఎవరికివ్వాలో నర్సుకు సైగలతో చెబుతున్నాడట.

“తప్పు మీది కాదని నాకు తెలుసండీ. కానీ లైను కుదుటపడేదాకా ఆసుపత్రి కాల్స్ మీకివ్వలేను” అంది మేడమ్.

చేతులమ్మకు ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికీ కాస్త ఓపిక కావాలి. వంటింట్లోకి వెళ్లి గ్లాసు నిండా నీళ్లు తాగి, తల్లి గదిలో మంచం అంచున కూలబడింది. తల్లి ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని ముఖం ముడుచుకుని ఉంది.

“ఏమైంది?” అని చేత్తో అడిగింది తల్లి.

“లైను తెగిపోతోందమ్మా.”

“నీకు లైనైనా తెగుతోంది. నాతో మనిషే తెంపుకుంటోంది” అంది తల్లి. బడి హాస్టల్లో పక్క పక్క మంచాల మీద పెరిగి, ఇప్పుడు రోజూ ట్యాబ్‌లో వీడియో పెట్టుకుని సైగలతో మాట్లాడుకునే స్నేహితురాలి సంగతి అది. “మాట మధ్యలో మొహం అలాగే పెట్టి మాయమైపోతుంది. రోజూ ఇంతే. ముసలిదాన్నయ్యాను, నా సోది విసుగొచ్చి ఉంటుంది. ఇందాకా అంతే చేసింది.”

“ఇందాక అంటే?”

“నువ్వు బల్ల చరిచావు చూడు, నేల అదిరింది, అప్పుడు.”

చేతులమ్మ లేచి నిలబడింది. ఫోను తీసి తమ్ముడికి కలిపింది. “ఒరేయ్, అమ్మ ట్యాబూ నా కంప్యూటరూ ఒకేసారి ఆగిపోతున్నాయిరా.”

అవతల కీబోర్డు టకటకలాడింది. “అమ్మ ట్యాబ్‌లో వైఫై సెట్టింగ్స్ తెరువక్కా. అక్కడ ఐపీ అడ్రస్ అని ఉంటుంది, చదువు.”

చదివింది. తమ్ముడు నాలుక చప్పరించిన చప్పుడు ఫోన్లో వినిపించింది. “నీ కంప్యూటరుకు నేనిచ్చిన నంబరూ అదే! ఎవరు పెట్టారే అమ్మకది?”

అప్పుడెప్పుడో పాత రౌటర్ మొరాయిస్తుంటే, ట్యాబ్ బాగుచేసినతను చేత్తో కొట్టిన నంబరది. ఇంట్లో ఏ రెండిటికీ ఒకే నంబరు ఉండకూడదు, ఇక్కడేమో ఒకే ఒరలో రెండు కత్తులు. తల్లి ట్యాబ్ తెరిచినప్పుడల్లా, ఫైర్‌వాల్ కూతురికి ఇవ్వాల్సింది తల్లికీ, తల్లికి ఇవ్వాల్సింది కూతురికీ పంపుతూ వచ్చింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారు అందరూ. తమ్ముడు చెప్పినట్టు ట్యాబ్‌లో నంబరు తీసేసి, ఆటోమేటిక్ అని పెట్టింది. సాయంత్రం దాకా రెండూ తెరిచే ఉంచి కాపు కాసింది. ఏదీ ఆగలేదు.

తల్లి వెంటనే స్నేహితురాలికి చెప్పబోయింది. ఆవిడ నమ్మలేదు. “నువ్వే నా మీద మొహం మాడ్చుకుని తెంపేదానివి, ఇప్పుడు పెట్టె మీదికి తోస్తున్నావా?” అందట. అటువైపూ అదే బాధ నడిచిందన్నమాట. ఇద్దరూ ఆ పూటంతా చేతులు నొప్పెట్టేదాకా పోట్లాడుకున్నారు, లైను మాత్రం తెగలేదు.

ఆసుపత్రి కాల్స్ తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా బ్యాంకులవీ ఆఫీసులవీ కాల్స్ చేస్తూ గడిపింది. ఒక పొద్దున మేడమ్ కలిపిన కాల్‌లో వడ్రంగి కనిపించాడు. మెడ మీద కుట్లు మానాయి. ఈసారి ఆమే కావాలని అడిగాడట. ఆమె క్షమాపణకు చేతులు ఎత్తేలోపే అతను ఆపాడు.

“ఇక నుంచి మంచి కబురు ఎవరికి చెప్పినా ముందు ‘భయం లేదు’ అను. రోగం పేరు తరవాత చెప్పు. తెర ఆగినా మనిషి ఆగిపోడు.”

ఆమె సరేనని తలూపింది. ఆ మాట పాటించింది కూడా. ఆ రోజు కాల్ ముగిశాక మాత్రం, తరువాతి రోగి వచ్చేలోపు దొరికిన కాస్త వ్యవధిలో, కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ ఒళ్లో పడేసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా అలాగే కళ్లు మూసుకుంది.