మైనస్ ఇరవైలో పెళ్ళి దండలు

సిగ్గుతో చచ్చిపోవడమనేది నిజంగా జరిగే పనే అయితే, నేను మా చెల్లెలు శైలజ పెళ్ళినాటి ఉదయమే పోయివుండాలి. పోలేదు. పైగా పెళ్ళి భోజనంలో సిగ్గులేకుండా రెండోసారి పాయసం వేయించుకున్నాను. ఆ రోజు నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, పరవాలేదు. ఆ కొండమీద పెళ్ళికి వచ్చినవాళ్ళంతా ఎప్పుడో నవ్వేశారు. మీరు కొంచెం ఆలస్యంగా వచ్చారు, అంతే.

మాది కమలాపురం దగ్గర పల్లె. నేను కడపలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికితే చాలు, స్నేహితులతో గుడారం మోసుకుని కొండలకు పోయే పిచ్చి ఒకటి తగిలించుకున్నాను. ఆ పిచ్చి ముదిరి, కారు వెనక పట్టే చిన్న ఫ్రిజ్ ఒకటి కొన్నాను. దానికి తోడు ఒక బ్యాటరీ, పుస్తకంలా మడిచి తెరిచే ఒక సోలార్ పలక. పగలంతా పలక ఎండను మేసి బ్యాటరీకి పెడుతుంది. రాత్రంతా బ్యాటరీ దాన్ని నెమరేసి ఫ్రిజ్‌కు పెడుతుంది. మా సీమలో దేనికైనా కరువు రావచ్చు గాని ఎండకు రాదు కదా! ఇంటికి వచ్చిన ప్రతివాడికీ మూత తెరిచి, ఉయ్యాల్లో బిడ్డను చూపినట్టు, లోపలి మజ్జిగ సీసాను చూపించేవాణ్ణి. వాళ్ళు "బాగుండాది" అనేదాకా మూత వేసేవాణ్ణి కాదు.

ఇంతలో శైలజకు ఆదోని వైపు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు మహేశ నెమ్మదస్తుడు. వాళ్ళ ఇంటిదేవుడు ఒక బోడికొండ మీద ఉన్నాడు. వాళ్ళింట్లో ఎవరి పెళ్ళయినా ఆ దేవుడి ముందరే జరగాలట. కొండమీద గుడి ఉంది, నీళ్ళ తొట్టి ఉంది, కరెంటు మాత్రం లేదు. ముహూర్తం పొద్దున్నే కాబట్టి రెండు వైపులవాళ్ళూ ముందురోజే ట్రాక్టర్లలో కొండెక్కి, షామియానాలు వేసుకుని అక్కడే పడుకోవాలని నిర్ణయమైంది.

అమ్మకు దండల బెంగ పట్టుకుంది. "కడపలో కట్టించుకొని పోతే మరుసటి పొద్దుటికి వాడిపోవా?" అని, తర్వాత తనే, "తడిగుడ్డ చుట్టి బుట్టలో పెడితే ఉంటాయిలే" అంది.

తడిగుడ్డట! నాలాంటి కొడుకును కని కూడా తడిగుడ్డట!

"అమ్మా, దండల సంగతి నాకొదిలెయ్. మన శైలజ మెడలో పడేటప్పుడు గులాబీల మీద మంచుబొట్లు కూడా ఉంటాయి, చూస్తాండు" అన్నాను.

శైలజ ముసిముసిగా నవ్వి, "నిన్నే నమ్ముకున్న్యా అన్నా" అంది.

గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు పెద్దలు. తడిగుడ్డతో పోయేదానికి సోలార్ అని నేను చేర్చాను.

దండలు రెండూ ఎంత ముద్దుగా ఉన్నాయో చెప్పలేను. ఎర్ర గులాబీలు, నడుమ మల్లెలు, కింద లిల్లీల కుచ్చులు. వాటిని కవర్లలో చుట్టి ఫ్రిజ్ అడుగున పడుకోబెట్టి, కొండమీదికి చేర్చాను. గుడి పక్కన బండమీద పలక పరిచి, తీగలు తగిలించి, ఆపరేషన్ చేసే డాక్టరులా నిలబడ్డాను. చుట్టూ జనం మూగారు. వాళ్ళలో పెళ్ళికొడుకు మేనమామ ఈరన్న ముందుకు వచ్చాడు. ఆదోని మార్కెట్లో పత్తి బేళ్ళను చూసీ చూసీ దేన్నయినా అనుమానంగా చూడటం ఆయనకు అలవాటు.

"ఏమప్పా, ఇదేంది? హార్మోనియం పెట్టెనా?"

"ఫ్రిజ్ మామా. ఎండతో నడుస్తాది."

"ఎండతో చల్లగ అయితాదా? ఎవురికి చెప్తాండావప్పా!"

జనం నవ్వారు. ఆ నవ్వు దగ్గర ఆగిపోయి ఉంటే ఈ కథే లేదు.

"చల్లగ గాదు మామా, ఐసే అయితాది. చూస్తావా?"

"ఆ, చూస్తా. ఈడ్నే కూర్చోనుంటా."

పూలకు నాలుగైదు డిగ్రీల చలి చాలు. ఆ సంగతి నాకు తెలియక కాదు, అందరికీ పాఠంలా చెప్పిందే నేను. కానీ ఈరన్న ముందు పరువు ఉంది కదా! ఒక నీళ్ళ సీసాను దండలమీద పెట్టి, మీటను ఇంక కిందికి పోనని మొరాయించేదాకా నొక్కాను. మైనస్ ఇరవై అని అంకె వెలిగింది. పిచ్చోడి చేతికి రాయి దొరికితే ఎంతసేపు, పక్కవాడి తల పగులుతుంది. పిచ్చోడి చేతికి ఫ్రిజ్ దొరికితే ఏమవుతుందో పెద్దలు చెప్పలేదు. నేను చెప్తాను.

పొద్దు వాలేటప్పటికి సీసా గడ్డకట్టింది. ఈరన్న చేతికిచ్చాను. ఆయన దాన్ని బండకేసి కొట్టాడు. టంగుమంది.

"ఓరి నీ! నాపరాయి అయిపోయిండాది గదప్పా!" అని నోరు తెరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకామె సీసాను చెంపకు ఆనించుకుని పరవశించింది. నేను వినయంగా తల వంచి, మూత వేసి, పెళ్ళిపెద్దలా షామియానా వైపు నడిచాను. అంకెను మళ్ళీ పైకి మార్చానా లేదా అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న నాకు మాత్రం రాలేదు.

ఇంకో ఘనకార్యం కూడా ఉంది. ఫోన్లు చార్జింగ్ పెట్టుకుంటామని నలుగురు వచ్చారు. "ఈ బ్యాటరీ పూలది" అని తిప్పి పంపాను. చివరికి పెళ్ళికొడుకే వచ్చాడు.

"బావా, కొంచేపు పెట్టుకుంటా. నా ఫోను సచ్చిపోయిండాది."

"కుదరదు బావా. నీ దండ కోసమే చెప్తాండా" అన్నాను. పాపం, ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎండ పడ్డాక, మేళగాళ్ళు సన్నాయి సవరించుకుంటుండగా మూత తెరిచాను. తెల్లటి పొగ వచ్చింది. కైలాసమే అనుకున్నాను. ఒక దండను కవర్లోంచి తీసి పైకి ఎత్తాను. అది వంగలేదు. కర్రలా నిటారుగా నిలబడింది. కంగారులో చెయ్యి తగిలి ఒక గులాబీ ఊడి బండమీద పడి, గాజుగ్లాసులా ముక్కలైంది. పువ్వు రాలడం చాలాసార్లు చూశాను గాని, పువ్వు పగలడం అదే మొదటిసారి.

అంకె చూశాను. మైనస్ ఇరవై. బ్యాటరీ దీపం పచ్చగా వెలుగుతోంది. ఫ్రిజ్ బుద్ధిగా గుర్రుమంటోంది. అన్నీ పనిచేస్తున్నాయి. అక్కడ పాడైపోయినవాణ్ణి నేనొక్కణ్ణే.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకులకు తెలుసు. నేను చేతులు గడ్డకట్టాక ఎండను పట్టుకున్నాను. సోలార్ పలక నల్లగా, అప్పుడే కాగుతూ కనబడింది. దానిమీద దండలు రెండూ పరిచి, మంచు కరిగితే మళ్ళీ మామూలైపోతాయని కాపలా కూర్చున్నాను. మంచు కరిగింది. నీళ్ళు కారాయి. "భగవంతుడా, బతికించావు" అనుకుంటుండగానే గులాబీలు గోధుమరంగుకు తిరిగాయి. మల్లెలు ఉడికిన ఉల్లిపాయ పొరల్లా అయ్యాయి. ఎత్తిచూస్తే దండ చేతుల్లోంచి జారి, ముద్దగా పలకమీద పడింది.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది.

"దండలు తేరా, పూజారి అడుగుతాండాడు."

నేను పలక చూపించాను. అమ్మ దానివైపు చూసింది. నావైపు చూసింది. "ఇవి కావురా, దండలు తే" అంది.

"ఇవే అమ్మా."

అమ్మ అక్కడే బండమీద కూలబడింది. ఈరన్న వచ్చి తొంగిచూసి, "ఏమప్పా, పెళ్ళికి తోటకూర పప్పు గూడా ఉండాదా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ట్రాక్టరు కొండ దిగి, పూలు దొరికే ఊరు చేరి, తిరిగి వచ్చేసరికి ముహూర్తం దాటిపోతుంది. పెళ్ళికొడుకు తరఫు ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. "దండలు ల్యాకుండా పెండ్లి యాడన్న ఉండాదా?" అని ఎవరో అననే అన్నారు.

శైలజ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వచ్చింది. ఆ ముద్దను చూసి, "అన్నా, ఇవేనా?" అంది. అంతే. పెదవి అదురుతోంది. నేను నేలవైపు చూశాను. నేను పట్టే చోటు ఉంటే ఆ ఫ్రిజ్‌లో దూరి, నేనే మైనస్ ఇరవైకి నొక్కుకునేవాణ్ణి.

నాయన తిట్టలేదు. తిట్టివుంటే బాగుండేది. భుజంమీది కొత్త తువ్వాలు తీసి, ఒడిలా కట్టుకుని, కొండవాలు దిగడం మొదలుపెట్టాడు. కింద తంగేడు పొదలు పసుపు దోసిళ్ళు పోసినట్టు పూసి ఉన్నాయి. నేను వెనకాలే పరిగెత్తాను.

"నాయనా..."

"మాట్లాడగాకు. కొయ్యి. మొగ్గలొద్దు, విచ్చుకున్నేటివి కొయ్యి."

కోశాను. ముళ్ళకంపలు గీరుకున్నా, కళ్ళు మసకబారినా కోశాను. తలెత్తి చూస్తే పక్క పొద దగ్గర ఈరన్న ఉన్నాడు. ఆయన వెనక పెళ్ళికొడుకు తరఫువాళ్ళు సగంమంది ఉన్నారు. నిన్న నేను చార్జింగ్ ఇవ్వని నలుగురూ వాళ్ళలో ఉన్నారు. అందరూ వంగి తంగేడు పూలే కోస్తున్నారు. అది ఇంకా భరించలేకపోయాను.

పూలు పైకి చేరాక శైలజ కళ్ళు తుడుచుకుని, "దారం ఇయ్యండి" అంది. అమ్మా, మహేశ వాళ్ళమ్మా చెరోపక్క పూలు అందిస్తే, తన పెళ్ళి దండలు రెండూ తానే కట్టుకుంది. అట్లా కట్టుకున్న పెళ్ళికూతురు ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

ముహూర్తానికి దండలు మార్చుకున్నారు. పసుపుబట్టలమీద పసుపు పూలు, నిజం చెప్పాలంటే ఆ గులాబీలకన్నా బాగున్నాయి. అయితే తంగేడు పూలతోబాటు చీమలు కూడా పెళ్ళికి వచ్చాయి. పూజారి మంత్రం చదువుతుంటే మహేశ దానికి తాళం వేస్తున్నట్టు భుజాలు ఎగరేస్తున్నాడు. నేను వంగి, "ఏమైంది బావా?" అని అడిగాను.

"ఇవి గూడా నీ ఫ్రిజ్‌లో పెట్టింటే బాగుండు బావా. చీమలన్నా సచ్చేటివి" అన్నాడు.

శైలజ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విన్నాక గాని నా గుండె తిరిగి కొట్టుకోలేదు.

తాళికట్టు అయ్యాక జంట పెద్దల కాళ్ళకు మొక్కింది. మహేశ వాళ్ళ అవ్వ, ముడతలు పడ్డ చేతులు ఇద్దరి తలలమీదా పెట్టి, "చల్లగా ఉండండి నాయనా" అని దీవించింది. అంతలో ఏదో తట్టినట్టు ఆగింది. జనంలో నన్ను వెతికి పట్టుకుని చూసింది.

"చల్లగ అంటే మామూలు చల్లగ నాయనా," అని గట్టిగా సవరించింది. "ఆ పిల్లోని పెట్టెలో మాదిరి గాదు."

కొండంతా నవ్వింది. ఆ పొద్దుటినుంచి నవ్వని నాయన కూడా తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

నేను మెల్లగా గుడిలోపలికి జారుకుని, దేవుడి ముందు చెంపలు వేసుకుని ప్రమాణం చేశాను: స్వామీ, కొండలూ గుట్టలూ, భూమ్యాకాశాలూ సాక్షిగా, ఈ జన్మలో పువ్వనేదాన్ని మూత ఉన్న పెట్టెలో పెట్టను. ఏ పెళ్ళికి పోయినా అక్షింతలు తప్ప మరేదీ చేత్తో ముట్టను. ఇక ఎవరైనా నా ఫ్రిజ్ చూసి "ఇది ఐసు చేస్తాదా?" అని అడిగితే, చేతులు కట్టుకుని "చెయ్యదప్పా, వట్టి హార్మోనియం" అని చెప్తాను.