నేల తాకని డబ్బా

దూలయ్య అంటే నాకు గిట్టదు. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. సారపాక దాటి అడవి మొదలయ్యే చోట ఒక పెట్రోలు బంకు ఉంది. దాని పక్కన నాది పంక్చర్ల షాపు. దూలయ్యది లోపలి ఊళ్లో కిరాణా కొట్టు. బంకులో రేకు డబ్బా నింపించుకుపోయి, నీళ్ల సీసాల్లో పోసి ఊళ్లో బండ్లవాళ్లకు అమ్ముతాడు. అలా అమ్మకూడదని అతనికి తెలుసు, బంకు ఓనరు మురళీకృష్ణకూ తెలుసు.

మనిషికి ఒక పట్టింపు ఉంది. అన్నం పెట్టే సరుకును నేల మీద పెట్టడు. అతని కొట్లో ఉప్పు బస్తా కింద కూడా చెక్క ఉంటుంది. బంకుకు వచ్చినా అంతే, ఆటోలోంచి ప్లాస్టిక్ స్టూలు దించి, దాని మీద డబ్బా పెట్టి పొయ్యమంటాడు.

చలికాలం మొదట్లో బంకులో పనికి కుదిరిన నాగలత దానికి ఒప్పుకోలేదు. వైరా నుంచి కోడలిగా వచ్చిన పిల్ల. ట్రైనింగులో విన్నది విన్నట్టు అతనికి చెప్పింది. పైపులో పారే పెట్రోలు రాపిడికి కరెంటు పుడుతుందట. డబ్బా నేల మీద ఉంటే అది భూమిలోకి దిగిపోతుంది. ప్లాస్టిక్ మీద ఉంటే దిగే దారి లేక రేకులోనే పోగవుతుంది, పైపు మూతి దగ్గరకు రాగానే దాని మీదికి దూకుతుంది. చలికి పాలిస్టర్ దుప్పటి లాగితే చిటపటమనేదీ అదేనంది. దూలయ్యకు ఇవేవీ ఎక్కలేదు. తన సరుకును కాళ్ల దగ్గర పెట్టించి చిన్నచూపు చూస్తోందని అతని ఏడుపు.

"వానాకాలమంతా గిట్లనే పోసిన్రు, ఏమైంది?" అన్నాడు.

"వానల గాలి తడిగ ఉంటది, కరెంటు నిలవది. ఇప్పుడు గాలి ఎండింది. కాలేది నా చెయ్యి," అంది నాగలత.

దూలయ్య పోయి ఓనరుకు చెప్పాడు. మురళీకృష్ణ బయటికొచ్చి, గిరాకీని చెడగొట్టొద్దు, పోస్తే పొయ్యి, లేకుంటే ఇంటికి పో అన్నాడు. ఆ ఇల్లు గడిచేది ఆమె జీతం మీదేనని తెలిసే అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఆమె పోసింది. నిండిన డబ్బాలోంచి పైపు తియ్యబోతుండగా దాని మూతి రేకుకు దగ్గరై టిక్కుమంది, డబ్బా మూతి మీద మంట లేచింది. నేను ఇసుక బకెట్టుతో ఉరికాను. మంట ఆరింది గానీ ఆమె కుడి చెయ్యి మణికట్టు దాకా కాలింది. భద్రాచలం దవాఖానాకు నా బండి మీదే తీసుకుపోయాను. దూలయ్య మాత్రం, ఆ పిల్ల నోరు మంచిది కాదు, శపించబట్టే అంటుకుందని ఊరంతా చాటాడు. ఇంత సిగ్గులేని మనిషిని నేను చూడలేదు.

కట్టు విప్పకముందే నాగలత పనికి వచ్చింది. కొత్త డబ్బాతో దూలయ్యా వచ్చాడు, మళ్లీ స్టూలు దించాడు. ఈసారి ఆమె వాదించలేదు. ఎడమ చేత్తో పైపు తీసి అతని ముందుకు చాచింది.

"నీ స్టూలు, నీ డబ్బా. నువ్వే పోసుకో."

దూలయ్య వెనక్కి జరిగాడు. మురళీకృష్ణ కేకలేస్తూ వచ్చాడు. ఆమె పైపును అతని వైపు తిప్పింది.

"అట్లయితే మీరు పొయ్యండి సార్."

ఇద్దరూ పైపు మూతి వైపు చూశారు. ఇద్దరిలో ఒక్కడూ చెయ్యి చాపలేదు. ఆమె చెప్పింది వాళ్లకు మొదటి రోజే అర్థమైందని నాకప్పుడు తెలిసింది. కాలేది తమ చెయ్యి కాదు గనుక పోయించారు.

దూలయ్య గొణుక్కుంటూ డబ్బాను నేల మీద పెట్టాడు.